మా మామ అంబాసిడర్ కారులో పెట్రోలు వాసన



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చింది. "బాగా చదవండి, పైకి రండి" అని మీకు ఇప్పటికే అందరూ చెబుతూనే ఉంటారు. అందుకని ఈ ఎండాకాలంలో మేము ముగ్గురం కలిసి చేసిన ఒక పని గురించి రాస్తున్నాము. పని చిన్నదే. ఒక పాత కారులో పెట్రోలు వాసన ఎక్కడి నుండి వస్తోందో కనిపెట్టడం. కానీ అది తెలుసుకోవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజుల్లో మేము క్లాసులో బట్టీ పట్టిన చాలా విషయాలు కళ్ళ ముందు కనిపించాయి.

మేము ముగ్గురం లింగాలలో ఒకే కాలనీ వాళ్ళం. ఈ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాము. ఒకరు బి.టెక్. మెకానికల్, ఒకరు బి.కాం., ఈ వ్యాసం రాస్తున్న చెయ్యి ఎం.ఎస్సీ. రసాయనశాస్త్రం. మా మూడు ఇండ్లల్లోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే.

కారు ఎవరిది?

మాలో ఒకరి మేనమామకు ఒక తెల్ల అంబాసిడర్ ఉంది. మేము ముగ్గురం ఆయన్ను మామ అనే పిలుస్తాము. ఇరవై ఏండ్లు ఒక ఆసామి దగ్గర డ్రైవరుగా పని చేశాడు. ఆసామి కొత్త కారు కొన్నాక పాతదాన్ని తక్కువ ధరకు మామకే ఇచ్చేశాడు. 1990 మోడలు. ఏపీ 04 నంబరు. పాత 1489 సీసీ పెట్రోలు ఇంజను.

2013లో మేము ఆరో తరగతిలో చేరడానికి ఈ హాస్టలుకు వచ్చింది కూడా ఆ కారులోనే. అప్పుడది ఇంకా ఆసామిదే. ఆయన్ను అడిగి మామ మమ్మల్ని, మా మూడు రేకు పెట్టెలను తెచ్చి ఇక్కడ దించాడు. మరుసటి ఏడాది, 2014 మే నెలలో, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు అంబాసిడర్ తయారీ ఆపేశారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో 1950లలో మొదలైన బండి అది. అర్ధశతాబ్దం పైగా పెద్దగా రూపం మారకుండా మన రోడ్ల మీద తిరిగింది. కాబట్టి ఇప్పుడు మన దగ్గర నడుస్తున్న ప్రతి అంబాసిడరూ కనీసం పదేండ్లు దాటిందే. మామ కారుకైతే మా కంటే వయసు ఎక్కువ.

ఆ రోజు జరిగింది

మొన్న ఎండాకాలంలో అందరం కదిరికి బయలుదేరాము. వెనక సీట్లో అత్త, ఆమె ఒడిలో నాలుగేండ్ల మనవడు, పక్కన మాలో ఇద్దరం. పులివెందుల దాటేసరికి అత్తకు తల తిరిగింది. పిల్లోడు వాంతి చేసుకున్నాడు. కారు చింతచెట్టు కింద ఆపాము. మామ దిగి, బానెట్టుకు ఆనుకొని, అలవాటు చొప్పున జేబులోంచి బీడీ తీశాడు. అగ్గిపుల్ల గీసేలోపల మేము చెయ్యి పట్టుకున్నాము.

"ఏందిరా అబ్బీ! ఈ కారుకు ఎప్పుడూ ఉండే వాసనే గదా ఇది" అన్నాడు మామ.

"నీకు వాసన తెలుస్తాందా మామా ఇప్పుడు?" అని అడిగితే, "యాడ వస్తాంది? నాకేం రాలే" అన్నాడు.

మాకు భయం వేసింది ఆ మాటకే. వాసన రావడం కంటే, వస్తున్న వాసన తెలియకపోవడం ఇంకా ప్రమాదం.

అప్పటికే మామ ఈ వాసన కోసం ఆరువేల రూపాయల దాకా ఖర్చు పెట్టి ఉన్నాడు. పెట్రోలు పంపు కొత్తది వేయించాడు. కార్బొరేటర్ విప్పించి, కిట్టు మార్పించాడు. అయినా వాసన పోలేదు. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి ధర కూడా అడిగిపోయారు. మామ "ఇచ్చేద్దామా" అనే ఆలోచనలో ఉన్నాడు. ఒక్కసారి మమ్మల్ని చూడనియ్యి మామా అని పన్నెండు రోజులు గడువు అడిగాము.

పెట్రోలు వాసన అంటే ఏమిటి?

పెట్రోలు ఒకే పదార్థం కాదు. నాలుగు నుండి పన్నెండు దాకా కార్బన్ పరమాణువులున్న అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వీటిలో తేలికవి ముందుగా ఆవిరవుతాయి. మన ముక్కుకు తగిలేది ఆ ఆవిరే. అంటే వాసన వచ్చిందంటే, పెట్రోలులో కొంత భాగం గాలిలో కలిసిందన్నమాట.

ఇక్కడ నాలుగు అంకెలు గుర్తు పెట్టుకోవాలి.

ఒకటి, పెట్రోలు ఫ్లాష్ పాయింటు సుమారు మైనస్ 40 డిగ్రీల సెల్సియస్. నిప్పురవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరి ఆ చలిలో కూడా పుడుతుంది. కిరోసిన్‌కు ఇది 38 డిగ్రీల పైమాటే. కిరోసిన్‌తో మనకున్న చనువు పెట్రోలుతో పనికిరానిది ఇందుకే.

రెండు, గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుండి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడు అది అంటుకుంటుంది. అంతకు తక్కువైనా అంటుకోదు, ఎక్కువైనా అంటుకోదు. "ఖాళీ ట్యాంకే కదా" అని వెల్డింగుకు తీసుకుపోయిన ట్యాంకులు పేలడానికి కారణం ఇదే. ఖాళీ అనుకున్న ట్యాంకులో మిగిలిన తడి, లోపలి గాలితో కలిసి సరిగ్గా ఈ హద్దుల మధ్యకు వచ్చే అవకాశం ఉంటుంది.

మూడు, పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు. నేల మీద పాకుతుంది. గుంతల్లో, డిక్కీ అడుగున, సీటు కింద నిలుస్తుంది. కారు కింద పని చేయడానికి తవ్విన గుంత మీద పెట్రోలు కారే బండిని నిలపకూడదు అనేది ఇందుకే.

నాలుగో అంకె మేము లెక్కగట్టింది. చిన్న టీ గ్లాసెడు, అంటే 50 మిల్లీలీటర్ల పెట్రోలు సుమారు 37 గ్రాములు. అదంతా ఆవిరైతే దాదాపు 9 లీటర్ల ఆవిరి వస్తుంది. 1.4 శాతం లెక్కన చూస్తే, ఆ ఆవిరి 600 లీటర్లకు పైగా గాలిని అంటుకునే మిశ్రమంగా మార్చగలదు. ఒక కారు డిక్కీ నిండడానికి టీ గ్లాసెడు చాలు.

మంట ఒక్కటే కాదు. ఈ ఆవిరిని పీల్చితే తలనొప్పి, తల తిరగడం, వాంతి వస్తాయి. పెట్రోలులో కొద్దిగా బెంజీన్ కూడా ఉంటుంది. అది క్యాన్సర్ కలిగించే పదార్థమని రుజువైనది. అందుకే మన దేశపు ప్రమాణాల్లో దాన్ని ఒక శాతానికి మించనివ్వరు. ఊర్లలో పైపు నోట పెట్టి పెట్రోలు పీల్చి తీసే అలవాటు ఉంది. పొరపాటున అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ఆ పని ఎవరు చేస్తున్నా ఆపండి.

ముక్కును ఎంతవరకు నమ్మాలి?

మామకు వాసన తెలియకపోవడం అబద్ధం కాదు. ఒకే వాసన కొంతసేపు పీలిస్తే మన ముక్కు దానికి అలవాటు పడి, దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. బయటికి వెళ్ళి కొంతసేపు మంచి గాలి పీల్చి వస్తే మళ్ళీ తెలుస్తుంది. ఇరవై ఏండ్లు అదే కారులో కూర్చున్న మనిషి ముక్కు ఆ వాసనను కారులో ఒక భాగంగానే తీసుకుంటుంది.

అందుకని వాసన చూడడానికి ప్రతిసారీ కారు ఎక్కని మనిషిని పిలిచాము. ముక్కు వాసన ఉందని చెబుతుందేగానీ, ఎక్కడ పుట్టిందో చెప్పలేదు. వెనక కారిన పెట్రోలు ముందు సీట్లో తెలియవచ్చు. కారు నడిచేటప్పుడు దాని వెనక భాగాన గాలి ఒత్తిడి తగ్గుతుంది. అక్కడి ఆవిరి తెరిచిన కిటికీల గుండా, సీటు వెనక సందుల గుండా లోపలికి వస్తుంది. వాసన తగిలిన చోటే లీకు ఉందనుకోవడం మామ ఆరువేలు పోగొట్టుకోవడానికి సగం కారణం. ముందు సీట్లో కూర్చునే మామ, వాసన ఇంజను నుండే అనుకున్నాడు.

పనికి ముందు జాగ్రత్తలు

ఊరి బయట అరటితోట పక్కన ఖాళీ స్థలం చూసుకున్నాము. కొట్టంలో చేయలేదు. ఇంజను, సైలెన్సర్ పూర్తిగా చల్లారేదాకా ఆగాము. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాము. రెండు బక్కెట్ల ఇసుక, మంటలార్పే పొడి సిలిండరు దగ్గర పెట్టుకున్నాము. పెట్రోలు మంట మీద నీళ్ళు పోయకూడదు. పెట్రోలు నీళ్ళ మీద తేలుతూ మంటను ఇంకా దూరం తీసుకుపోతుంది. సెల్‌ఫోన్లు దూరంగా చెట్టు కింద పెట్టాము. మామ బీడీకట్ట, అగ్గిపెట్టె అత్త కొంగున కట్టుకొని ఇంటికి పోయింది.

నోటు పుస్తకం

మొదటి ఐదు రోజులు మేము ఒక్క బోల్టు కూడా విప్పలేదు. మా బి.కాం. మిత్రుడు ఒక నోటు పుస్తకంలో గళ్ళు గీశాడు. తేదీ, సమయం, ట్యాంకులో పెట్రోలు ఎంత, కారు నిలబడి ఉందా నడుస్తోందా, ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, వాసన ఎక్కడ, ఎంత. ఎంత అనేదానికి సున్నా నుండి మూడు దాకా మార్కులు.

మెకానికల్ మిత్రుడు వాసనలోనే తేడాలు గమనించమన్నాడు. పచ్చి పెట్రోలు వాసన వస్తే లీకు. పొగగొట్టం దగ్గర ఘాటుగా, కళ్ళు మండేలా వస్తే పెట్రోలు సరిగా కాలడం లేదు. ఇంజనాయిల్‌లో పెట్రోలు వాసన వస్తే పంపు లోపలి డయాఫ్రం చినిగి, పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతుండవచ్చు. ఇది చాలామంది గమనించరు. ఆయిల్ చూసే కమ్మీ తీసి, ఒక చుక్క కాగితం మీద వేసి వాసన చూడాలి. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే కూడా ఇదే అనుమానం. మా కారులో ఆయిల్ బాగానే ఉంది.

నాలుగో రోజు అత్త మజ్జిగ తెచ్చి, మేము రాసుకుంటున్నది ఏమిటని అడిగింది. చెప్పాము. "దానికి పుస్తకం ఎందుకురా? పెట్రోలు నిండుగా పోయించుకొని వచ్చిన దినం నాకు తల నొస్తాది. రెండు దినాలు పోతే ఏమీ ఉండదు. మీ మామతో ఎన్నిసార్లు చెప్పినా ఇనుకోలే" అంది.

పుస్తకం తెరిచి చూశాము. మూడు మార్కులు పడిన రెండు సార్లూ ట్యాంకు నిండుగా ఉంది. సగానికి దిగాక వెనక సీట్లో సున్నా. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎప్పుడూ వెనక సీట్లో కూర్చునే మనిషిని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. ఆమె తానే చెప్పింది.

ముందు వైపా, వెనక వైపా?

ఇప్పుడు వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది. నిండినప్పుడే వాసన వస్తోందంటే, లీకు ట్యాంకు పైభాగాన ఉండాలి. అడుగున ఉంటే ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. పంపులోనో, కార్బొరేటర్‌లోనో ఉంటే ట్యాంకు నిండిందా లేదా అనే దానితో సంబంధం ఉండదు.

అయినా అనుమానం తీర్చుకోవడానికి రెండు పరీక్షలు చేశాము.

మొదటిది, ట్యాంకులో పావు వంతు మాత్రమే ఉన్నప్పుడు ఇంజను ఇరవై నిమిషాలు నడిపి, బానెట్టు ఎత్తి చూశాము. పంపు దగ్గర రబ్బరు పైపు పక్కన కొద్దిగా వాసన. ఒక మార్కు. వెనక ఏమీ లేదు.

రెండోది, ట్యాంకు నిండుగా పోయించి, ఇంజను ఆపి, తలుపులు మూసి, రాత్రంతా ఆరుబయట వదిలేశాము. తెల్లవారి డిక్కీ తెరిస్తే మూడు మార్కులు. లోపల రెండు. బానెట్టు కింద ఒకటి కూడా లేదు. ఇంజను నడవకుండానే వాసన వచ్చింది కాబట్టి, కొత్త పంపు గానీ, కార్బొరేటర్ గానీ ఈ పెద్ద వాసనకు కారణం కాదని తేలిపోయింది.

నిండుగా పోస్తే ఎందుకింత తేడా? పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. ప్రతి డిగ్రీకి వెయ్యింట ఒక వంతు దాకా పెరుగుతుంది. బంకులో నేల కింది ట్యాంకు నుండి వచ్చే పెట్రోలు చల్లగా ఉంటుంది. 40 లీటర్లు పోయించుకొని మన లింగాల ఎండలో నిలబెడితే, పదిహేను డిగ్రీలు వేడెక్కినా అర లీటరు పైన పెరుగుతుంది. ఆ అర లీటరు పోయే దారి పెట్రోలు పోసే గొట్టమే. అందుకే మూతి దాకా పోయించుకోవడం ఏ బండికీ మంచిది కాదు.

సుద్దముక్క పరీక్ష

డిక్కీలోని పరుపు, స్టెప్నీ టైరు తీసేశాము. ట్యాంకును, పెట్రోలు పోసే గొట్టాన్ని కలుపుతూ ఒక లావు రబ్బరు గొట్టం ఉంది. రెండు వైపులా ఇనుప క్లిప్పులు. పై నుండి చూస్తే గొట్టం బాగానే ఉంది. తడి లేదు. పెట్రోలు వెంటనే ఆవిరైపోతుంది కాబట్టి కంటికి తడి కనిపించడం కష్టం.

అప్పుడు సుద్దముక్క గుర్తొచ్చింది. ఇనుప ట్యాంకుల అతుకుల్లో సన్న పగుళ్ళు ఉన్నాయేమో చూడడానికి ఫ్యాక్టరీల్లో ఒక పాత పద్ధతి ఉంది. ఒక వైపు సున్నమో, సుద్దో పూసి, రెండో వైపు కిరోసిన్ రాస్తారు. పగులు ఉంటే సుద్ద మీద తడి గీత పడుతుంది. మేము రెండు సుద్దముక్కలు పొడి చేసి, గొట్టం చుట్టూ, క్లిప్పుల దగ్గర అద్దాము. ఇద్దరం కారును అటూ ఇటూ ఊపాము. తరువాత గడ్డం గీసుకునే అద్దం కింద పెట్టి చూశాము.

గొట్టం అడుగు భాగాన గోరుతో గీసినట్టు ఒక తడి గీత. పైన నున్నగా ఉన్న రబ్బరు కింద నెర్రెలు విచ్చి ఉంది.

ట్యాంకులోని పెట్రోలును చేతి పంపుతో ఇనుప డబ్బాలోకి తీశాము. డబ్బా చేత్తో పట్టుకోకుండా నేల మీదే పెట్టాము. స్థిరవిద్యుత్తు నిప్పురవ్వ పుట్టకుండా ఉండడానికి అది అవసరం. గొట్టం విప్పి వంచితే పగులు నోరు తెరిచింది. అదే కొలతలో పెట్రోలుకు తట్టుకునే కొత్త గొట్టం, కొత్త క్లిప్పులు వేశాము.

మిగిలిన వాసన

మళ్ళీ నిండుగా పోయించి చూశాము. వెనక మూడు మార్కులు ఒకటికి దిగాయి. సున్నా కాలేదు. మాకు కొంచెం నిరుత్సాహం కలిగింది. మెకానికల్ మిత్రుడు మాత్రం "ఒకే వాసనకు రెండు కారణాలు ఉండకూడదని ఎక్కడుంది?" అన్నాడు.

బానెట్టు కింద మొదటి పరీక్షలో పడిన ఒక్క మార్కు గుర్తుందా? పంపుకు ముందున్న పైపు చూస్తే, అది పెట్రోలు పైపే కాదు. మామను అడిగితే ఒప్పుకున్నాడు. రెండేండ్ల కిందట పార్నపల్లె దారిలో పైపు తెగితే, దగ్గర్లోని చీనీ తోటలో మందు కొట్టే పంపు పైపు ముక్క అడిగి తెచ్చి తగిలించాడు. ఇల్లు చేరాక మార్పిద్దామనుకొని మరిచిపోయాడు. ఆ పైపు ప్లాస్టిక్‌ది. దాన్ని మెత్తగా ఉంచే పదార్థాన్ని పెట్రోలు కరిగించి తీసుకుపోతుంది. కొన్నాళ్ళకు పైపు పెళుసుబారి, క్లిప్పు దగ్గర పట్టు వదులుతుంది. దానికి కూడా సుద్దపొడి అద్ది, ఇంజను నడవకముందే చూశాము. చివర తడి కనిపించింది. ఒక మీటరు సరైన పైపు కొని మార్చాము.

ఆ తరువాత కూడా రెండు రోజులు సన్నగా వాసన ఉంది. అది డిక్కీ పరుపులో ఇంకిన పాత పెట్రోలు. పరుపును మిద్దె మీద కాకుండా, పొయ్యికి దూరంగా, ఆరుబయట ఎండలో నాలుగు రోజులు ఆరేశాము. పన్నెండో రోజు పుస్తకంలో అన్ని గళ్ళలో సున్నా పడింది. ఒక్కటి తప్ప. ఎండలో దూరం పోయి ఆపినప్పుడు ఒక పది నిమిషాలు కార్బొరేటర్ దగ్గర కొద్దిగా వాసన వస్తుంది. ఇంజను వేడికి కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరవడం వల్ల అది. ఈ ఆవిరిని బొగ్గు డబ్బాలో పట్టి మళ్ళీ ఇంజనుకే పంపే ఏర్పాటు కొత్త కార్లలో ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం దీన్ని 1970 మోడళ్ళ నుండే తప్పనిసరి చేసింది. మామ కారులో అది లేదు. ఆ వాసన లీకు కాదు.

గొట్టం, క్లిప్పులు, పైపు అన్నీ కలిపి మాకు వెయ్యి రూపాయల లోపే అయింది.

ఇథనాల్ సంగతి

పాత బండ్లున్న వాళ్ళందరూ ఇది తెలుసుకోవాలి. మన పెట్రోలులో చెరకు, ధాన్యం వంటి వాటి నుండి తీసిన ఇథనాల్ కలుపుతున్నారు. 2022లో 10 శాతం లక్ష్యం చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైంది. మొదట 2030కి అనుకున్న ఆ 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి, 2025లోనే చేరుకున్నామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. చమురు దిగుమతి తగ్గించడం, రైతుకు రాబడి పెంచడం దీని ఉద్దేశాలు.

1990 నాటి కారులోని రబ్బరు, బెండు ప్యాకింగులు ఈ మిశ్రమాన్ని ఊహించి చేసినవి కావు. ఇథనాల్ వల్ల కొన్ని పాత రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి. కొన్ని తరువాత ఎండి నెర్రెలిస్తాయి. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. చాలాకాలం వాడకుండా నిలబెట్టిన ట్యాంకులో నీరు అడుగున చేరి తుప్పు పట్టవచ్చు. మా గొట్టం వయసు వల్ల పగిలిందా, ఇథనాల్ వల్ల పగిలిందా అంటే రెండింటికీ పాలు ఉండవచ్చు. పరిష్కారం మాత్రం ఒక్కటే. పాత బండికి పైపులు మార్చేటప్పుడు లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉన్న పెట్రోలు పైపు అడగండి. ఎస్.ఏ.ఇ. జె30 ఆర్9 అని పైపు మీద ముద్ర ఉంటుంది. నీళ్ళ పైపు, మందు పైపు, డ్రిప్పు పైపు ఎంత గట్టిగా కనిపించినా వేయవద్దు.

మన వంటగదికి కూడా ఇదే పాఠం

తమ్ముళ్ళారా, మీలో చాలామందికి కారు లేదు. మాకూ లేదు. కానీ మన హాస్టల్ వంటగదిలో గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి. వంటగ్యాస్‌కు సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియడానికి మెర్కాప్టాన్ అనే దుర్వాసన పదార్థాన్ని కావాలని కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్ అనే ఊరి బడిలో వాసన లేని సహజవాయువు నేల కింద చేరి పేలింది. దాదాపు 300 మంది పిల్లలు, ఉపాధ్యాయులు చనిపోయారు. గ్యాసుకు వాసన కలపాలనే చట్టం అక్కడ ఆ తరువాతే వచ్చింది. కాబట్టి ఆ వాసన మనకు వేసిన కేక అనుకోండి.

వంటగ్యాస్ కూడా గాలి కంటే బరువు. వాసన వస్తే లైటు స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరినీ బయటికి పంపండి. 1906 నంబరుకు ఫోను బయటికి వచ్చాకే చేయండి. లీకు వెతకడానికి సబ్బు నురగ రాయండి, బుడగలు వస్తాయి. అగ్గిపుల్లతో మాత్రం ఎప్పుడూ వెతకవద్దు. వంటమనిషి అక్క "వాసన వస్తాంది" అంటే "నీకు ఎప్పుడూ ఇదే" అని కొట్టిపారేయకండి. రోజంతా అక్కడ ఉండేది ఆమె.

మామ ఇప్పుడు కారు అమ్మే మాట ఎత్తడం లేదు. కారులో బీడీ తాగనని అత్తకు మాట ఇచ్చాడు. ఎంతవరకు నిలుపుకుంటాడో చూడాలి. నోటు పుస్తకం కారు డ్యాష్‌బోర్డు గూట్లోనే ఉంది. వారానికి ఒకసారి అత్తే మార్కులు చెబుతోంది, మనవడి తల్లి రాస్తోంది.

ఈ వార్షికోత్సవానికి మేము ముగ్గురం ఆ కారులోనే వస్తున్నాము. వచ్చేటప్పుడు నిండుగా పోయించుకొనే వస్తాము. గేటు బయట వేపచెట్టు కింద నిలబెడతాము. పన్నెండు రోజులు వాసన చూసి చూసి మా ముక్కులు కూడా అలవాటు పడిపోయి ఉండవచ్చు. కాబట్టి మీలో ఎవరైనా వచ్చి, డిక్కీ తెరిచి, వాసన చూసి, ఎన్ని మార్కులో మాకు చెప్పండి.